తాళం, తుంగ, ఇరవై సెంట్ల నల్లరేగడి

నిజం చెప్పాలంటే నేను ఎన్నెస్సెస్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో, చేరింది పూరీల కోసం. మా హాస్టల్లో ఆదివారం పొద్దున టిఫిన్ ఉండదు. మధ్యాహ్నం ఒంటిగంటకి కోడికూర పెడతారు గనక అప్పటిదాకా ఓర్చుకోమని లెక్క. ఎన్నెస్సెస్ వాళ్ళకి మాత్రం ఏడింటికల్లా నాలుగు పూరీలు, బొంబాయి చట్నీ, గ్లాసుడు టీ. ఆ ఆకలికి పారేం ఖర్మ, రోకలి మొయ్యమన్నా మోసేవాణ్ణి.

అది 2006 జులై. గుంటూరులో డిగ్రీ రెండో ఏడు. బోటనీ మాస్టారే మాకు ప్రోగ్రాం ఆఫీసరు. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు పనిచేసి, వారం రోజుల క్యాంపు ఒకటి పూర్తిచేస్తే సర్టిఫికెట్. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని గంటలు రాసే నోటుబుక్కు, చందా డబ్బులు నాకప్పగించారు. ఆ నోటుబుక్కు చేతిలో ఉందని ఎంత మిడిసిపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడికి అరగంట కోసేవాణ్ణి.

అప్పటిదాకా మా యూనిట్ పనంటే ర్యాలీలు, పల్స్ పోలియో డ్యూటీలు, మొక్కలు నాటడం. కాలేజీ గేటు పక్కన ఏటా అదే గుంతలో కొత్త మొక్క పెట్టి, చుట్టూ నిలబడి ఫొటో దిగేవాళ్ళం. ఆ ఏడాది మాస్టారికి ఏమనిపించిందో, "ఈసారి ఊరంతా తిరగొద్దు. ఒక్క చోటు పట్టుకుని కూచుందాం" అన్నారు.

ఆ చోటు అమరావతి రోడ్డు నుంచి లోపలికెళ్తే ఒక కాలనీలో ఉంది. లేఅవుట్ వేసినప్పుడు పార్కు కోసమని వదిలిన ఉమ్మడి స్థలం. ఇరవై సెంట్లు, గజాల్లో చెప్పుకుంటే 968. పార్కు రాలేదు. చుట్టూ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు అందులో పోశారు. వాటి మధ్య సర్కారు తుమ్మ లేచింది. తుమ్మ చాటున చెత్త చేరింది, చెత్త కోసం పందులు చేరాయి. మూడు పక్కలా డాబాలు, ఒక పక్క సందులో పద్నాలుగు రేకుల ఇళ్ళు. తాపీ పనివాళ్ళు, ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళు, మిర్చి యార్డుకి కాయల తొడిమలు తీయడానికి వెళ్ళే ఆడవాళ్ళు ఆ సందులో ఉండేవాళ్ళు.

మొదటి రెండు ఆదివారాలూ చెత్త ఎత్తిపోయడంతోనే సరి. పగిలిన బేసిన్లు, సెలైన్ సీసాలు, జత లేని చెప్పులు, ప్లాస్టర్ వినాయకుడి చెయ్యి ఒకటి (ఇది ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకుని తిరిగాం), ఎవరిదో టెన్త్ హాల్ టికెట్. తుమ్మముల్లు హవాయి చెప్పుని చీల్చుకుని కాల్లోకి దిగితే ఆ నొప్పి ముల్లు తీశాక మొదలవుతుంది. అంతకన్నా ఘోరం వయ్యారిభామ అనే కలుపుమొక్క. దాన్ని ఒట్టి చేతుల్తో పీకి సగం మందిమి వారంపాటు గోక్కున్నాం. తర్వాత మాస్టారు చేతులకి క్యారీబ్యాగులు కట్టించి, పువ్వు రాకముందే పీకాలన్నారు. పూసిందంటే ఒక్క మొక్కే వేలకొద్దీ గింజలు రాలుస్తుందట. 1950ల్లో పరాయి దేశపు గోధుమల వెంట వచ్చి పూణె దగ్గర మొదట కనబడిందని, దాన్ని కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారని, పీకినంతసేపూ పాఠం చెప్పేవారు. ఆ పాఠం మాత్రం నాకు పరీక్షలో రాలేదు.

మేం ఒక మూల శుభ్రం చేసి నడుం ఎత్తేసరికి సందులోంచి మామ్మ ఒకావిడ తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, సరిగ్గా ఆ మూలనే బోర్లించి పోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మామ్మా, ఇప్పుడే ఊడ్చాం గదా, ఇక్కడ పోస్తే ఎట్టా?"

"నేను ఈడ పోయబట్టి పదిహేనేళ్ళు. మీరొచ్చి పదిహేను రోజులు కాలా. ముందెవరయ్యా?"

జవాబు తోచలేదు. నోటుబుక్కులో దానికి గడి లేదు.

తవ్వకం దగ్గరికొచ్చేసరికి మా పరువు పోయింది. మాలో సగం మంది రైతుల పిల్లలమే. కానీ నాగలి ముట్టకూడదనే మా నాన్నలు మమ్మల్ని గుంటూరు పంపించారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక్కడ రోహిణి పోయి నెలన్నర దాటినా నేల చెయ్యి దూరేంత బీటలతో అలాగే ఉంది. ఆ ఏడు అప్పటిదాకా మా మూలకి సరైన వాన పడలేదు. గడ్డపలుగు వేస్తే ఖంగుమని మోగి భుజం దాకా జిల్లుమనేది. ఒక మేధావి (నేనే) ట్యాంకరు తెప్పించి నీళ్ళు పెట్టిద్దామన్నాడు. చందాలో మూడొందలు పోశాం. గంటలో ఇరవై సెంట్లూ బంక. కాలు పెడితే చెప్పు అక్కడే, కాలు ఒక్కటే పైకి. తీసిన ప్రతి పాదానికీ రెండు కిలోల మట్టి. మాతోపాటు పనిచేసే బాపట్ల అమ్మాయి ఊబిలో దూడలా నిలబడిపోతే నలుగురం లాగాం.

పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు దగ్గర కూచుని బీడీ కాలుస్తూ ఇదంతా చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. పల్నాడులో కౌలుకి పత్తి వేసి, చివరికి ఆ గేటు దగ్గర తేలాడని తర్వాత తెలిసింది. మేం బాబాయ్ అనేవాళ్ళం. ఆరోజు బీడీ పారేసి లేచొచ్చాడు.

"ఏందబ్బాయ్ ఇది? రేగడిని ఎండలో కొడితే రాయి, నీళ్ళలో కొడితే జిగురు. దానికి అదునుండాలి."

"అదునొచ్చిందని ఎట్టా తెలుస్తుంది బాబాయ్?"

"వాన వెలిసినాక రెండ్రోజులాగి గుప్పెడు మట్టి తీసుకో. పిసికితే ఉండ కట్టాలి. ఆ ఉండని కింద పడేస్తే చెదిరిపోవాలి. అప్పుడు పిలుస్తా, పో."

నిజంగానే పిలిచాడు. ఆగస్టు మొదట్లో రెండు గట్టి వానలు పడ్డాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం హాస్టల్ ఫోను మోగింది. "అదునొచ్చింది. రేపటికి పోద్ది. రండి." అంతే, పెట్టేశాడు. కెమిస్ట్రీ ల్యాబు ఎగ్గొట్టి పరిగెత్తాం. అంతకుముందు గడ్డపలుగుని ఎగరగొట్టిన నేల ఆరోజు పారకి జున్నుముక్కలా తెగింది. నేలని చూసి నాకు మొదటిసారి నోరూరింది. పొద్దుగూకేదాకా తవ్వాం. ఆరోజు గంటలు రాయడం మర్చిపోయాను, మర్నాడు అందాజాగా వేశాను.

పదిరోజులకి తోటంతా పచ్చగా మొలిచింది. సైకిలు మీదినుంచే చూసి తోటకూర గింజ లేచిందని ఈలలేశాం. దగ్గరికెళ్తే తుంగ. మేం విత్తనం చల్లిన మళ్ళలోనే కాదు, చల్లని చోట ఇంకా ఒత్తుగా. బాబాయ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. తుంగకి నేల లోపల గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయట. గొలుసు తెగకుండా ఉన్నంతకాలం వాటిల్లో చాలా గడ్డలు నిద్రపోతూ ఉంటాయి. పార పడి గొలుసు తెగిందా, తెగిన ప్రతి ముక్కా లేచి కూచుంటుంది. అంటే అంత ఉత్సాహంగా మేం చేసింది తుంగసాగు. పైన పీకితే లాభం లేదు, గడ్డతో సహా తవ్వి ఎండలో పడేయాలి. ఆ తర్వాతి నాలుగు ఆదివారాల మా చరిత్ర ఈ ఒక్క వాక్యమే.

తవ్వి పోసిన గడ్డల దగ్గరికి మామ్మ తట్ట పట్టుకుని వచ్చింది. చెత్త తెచ్చిందేమోనని నేను లేవబోయాను. తట్ట ఖాళీగా ఉంది. "తుంగముస్తలయ్యా. పారేస్తారా? ఎండబెట్టి దంచి సున్నిపిండిలో కలిపితే ఎంత వాసనో!" కూచుని గడ్డలన్నీ ఏరుకుని వెళ్ళింది. మా తోటలో మొదటి పంట తీసుకున్నది ఆవిడే.

సగం నేలలో బాబాయ్ పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లించాడు. నలభై అయిదు రోజులకి పసుప్పచ్చని పూత వస్తుంటే తొక్కించి మట్టిలో కలిపేయమన్నాడు. పువ్వు చూసి ఆడపిల్లలు ఒప్పుకోలేదు. ఫొటోలు తీసుకున్నాకే తొక్కాం. మిగతా సగంలో తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ. గుంటూరులో తోట వేసి మిరప వెయ్యకపోతే నలుగురూ నవ్వుతారని మాస్టారు లాం ఫారం (వ్యవసాయ పరిశోధనా కేంద్రం) నుంచి 334 రకం గింజలు తెచ్చి నారు పోయించారు. ఆకు పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి అని నేర్పారు. మా మిరపకి ఆ తేడా తెలియదు, రెండు వైపులా ముడుచుకుంది.

గోంగూర మాత్రం విరగబడి వచ్చింది. అక్టోబరు మొదట్లో ఒక ఆదివారం వెళ్ళేసరికి రెండు బోదెలు మోళ్ళు. ఎవరో శుభ్రంగా కొడవలితో కోసుకెళ్ళారు. వచ్చేవారం బచ్చలి. ఆపై వారం లేత బెండకాయలు. మాకు పిచ్చెక్కిపోయింది. సందులో గట్టిగా అరిచాను, "దొంగతనం చేయడానికి సిగ్గుండాలి" అని. మామ్మ గుమ్మంలో కూచుని ఉంది. ఏమాత్రం తొణకలేదు.

"మా ఇంటి ముందర మొలిచిన ఆకు కోసుకుంటే దొంగతనం ఏందయ్యా? ఇన్నేళ్ళూ ఈడ దోమలు కుడితే మీరొచ్చి కుట్టించుకున్నారా?"

ఇప్పుడైతే ఆ మాటకి సమాధానం లేదని ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం సాయంత్రమే వెళ్ళి డెబ్బై రూపాయలు పెట్టి పెద్ద ఇత్తడి తాళం కొన్నాను. చుట్టూ మేం కొట్టిన తుమ్మకంపే కంచె ఉంది, పాత ఇనుప గేటు ఒకటి ఎవరో ఇచ్చారు. తాళం వేసి చెవి నా మొలతాడుకి కట్టుకున్నాను. మాస్టారు ఏమీ అనలేదు. "సరే, చూద్దాం" అన్నారంతే. ఆయన చూద్దాం అన్నారంటే అది మంచి శకునం కాదని మాకు తెలిసుండాల్సింది.

తాళం వేశాక తెలిసిందేమిటంటే, వారంలో ఆరు రోజులు మొక్కలకి నీళ్ళు పోస్తున్నది మేం కాదు. పొద్దున కార్పొరేషన్ పంపు వచ్చినప్పుడు బిందెలు నింపుకోగా మిగిలినవి, అంట్లు తోమినవి, బియ్యం కడిగినవి, సందులోవాళ్ళే పోస్తున్నారు. ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. అదే నెలలో మాకు ఇంటర్నల్ పరీక్షలు. పదిరోజులకి బెండ ఆకులు వేలాడిపోయాయి. చెవి నా మొలతాడుకే ఉంది.

అక్టోబరు 29 ఆదివారం. తుఫాను. ఓగ్ని అని పేరు పెట్టారు. మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. పెద్ద తుఫానేం కాదు, చిన్నదే అన్నారు. కానీ కదలకుండా నిలబడి కురిసినట్టు కురిసింది. హాస్టల్ కింద గదుల్లోకి నీళ్ళొస్తే పరుపులు పైకి మోశాం. కరెంటు లేదు. బాపట్ల అమ్మాయి ఇంటికి ఫోను కలవక ఏడుస్తూ కూచుందని తర్వాత చెప్పారు. తోట మాట నాకు గుర్తొచ్చింది బుధవారం పొద్దున.

నలుగురం సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళాం. గేటు బార్లా తెరిచి ఉంది. తాళం రెండు చెక్కలై బురదలో పడుంది, గడ్డపలుగుతో తన్నినట్టు గేటు మీద సొట్ట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరంతా మునిగిపోతుంటే వీళ్ళకి బెండకాయలు కావాల్సొచ్చిందా అని ఏదో నోటికొచ్చింది అంటూనే లోపలికి అడుగుపెట్టాను.

కాలు బురదలో దిగలేదు. నీళ్ళు నిలిచి లేవు. పల్లపు మూల నుంచి రోడ్డు పక్క కాలవ దాకా మోకాలి లోతున బోదె తీసి ఉంది. ముప్పై గజాలన్నా ఉంటుంది. పక్కన తవ్విపోసిన మట్టి గట్టు తిన్నగా, దారం పట్టి వేసినట్టు. తాపీ పనివాళ్ళ చెయ్యి తెలుస్తూనే ఉంది. చివర్లో పందులు దూరకుండా రాళ్ళు పేర్చారు.

బాబాయ్ గోనెపట్టా నెత్తిన కప్పుకుని వచ్చాడు. సోమవారం రాత్రి పది దాటాక మొదలుపెట్టి తెల్లారేదాకా తవ్వారట. ఆరుగురు మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు. మామ్మ లాంతరు పట్టుకుని నిలబడిందట.

నాకు గొంతు పూడుకుపోయింది. మామ్మ దగ్గరికెళ్ళి, "మా తోట కోసం రాత్రంతా..." అని ఏదో మొదలుపెట్టాను. ఆవిడ విసురుగా చెయ్యి ఊపింది.

"నీ తోట కోసమనుకున్నావా? ఆ నీళ్ళు మా ఇళ్ళల్లోకి వస్తంటే తవ్వుకున్నాం. మీరు తవ్వి గుల్ల చేశారు, కంప కట్టి కాలవ దారి మూశారు. చెవి ఎవరి కాడుందో తెలీక పగలగొట్టాం. అట్టాగే నీ మొక్కలు కూడా బతికినయ్, పో."

కాలవ దారి మూశామన్నది నిజం. కంచె వేసేటప్పుడు పల్లం ఎటుందో ఎవరం చూడలేదు.

మిరప బతకలేదు. రెండు రోజుల నీళ్ళకే వేరు కుళ్ళి, వారంలో పసుపెక్కి వాలిపోయింది. గోంగూర, బచ్చలి నిలిచాయి. జనుము తొక్కిన సగం అయితే నీళ్ళు పీల్చుకుని అదునుకొచ్చి ఆవిర్లు కక్కుతోంది.

మాస్టారు వచ్చి తాళం చెక్కలు చూసి, నా వైపు చూసి, "కొత్తది కొంటావా?" అన్నారు. తల అడ్డంగా ఊపాను. ఆయన ఆ రాత్రి పనిచేసిన పదిమందికీ ఒక్కొక్కరికి ఎనిమిది గంటల చొప్పున నోటుబుక్కు ఆఖరి పేజీలో రాయమన్నారు. వాళ్ళకి సర్టిఫికెట్లు రావు గదండీ అన్నాను. "రాయవోయ్" అన్నారు. రాశాను. బాబాయ్‌ని ఇంటిపేరు అడిగితే "ఎందుకూ, కేసు పెడతారా" అన్నాడు.

ఆ తర్వాత బోదెలు పంచాం. సందులో పద్నాలుగు ఇళ్ళకి పద్నాలుగు బోదెలు, డాబాల వాళ్ళలో అడిగినవాళ్ళకి అయిదు, కాలేజీకి రెండు. డిసెంబరులో మా వారం రోజుల క్యాంపు కూడా అక్కడే పెట్టించారు మాస్టారు. సరివి కర్రలు తెచ్చి చిక్కుడుకి, పొట్లకి పందిళ్ళు వేశాం. పొట్లకాయ వంకర పోకుండా కొసకి రాయి కట్టాలని మామ్మ నేర్పింది. బరువు ఎక్కువైతే కాయే ఊడి చేతిలోకొస్తుందని నేను సొంతంగా నేర్చుకున్నాను.

అందరూ కలిసిమెలిసి ఉన్నారని రాస్తే అబద్ధం. చిక్కుడు తీగ పక్కవాళ్ళ పందిరి మీదికి పాకితే కాయలెవరివి అన్న గొడవ సంక్రాంతి దాకా నడిచింది. ఒక పొట్లకాయ మీద మామ్మకీ ఎదురింటి ఆవిడకీ మాటలు పోయి మూడు నెలలు మొహాలు చూసుకోలేదు. డాబాల వాళ్ళలో ఇద్దరు వాసనొస్తోందని కంపోస్టు గుంత మూయించారు. భోగి నాడు మాత్రం ఆ ఎదురింటావిడే వచ్చి మామ్మ బోదెలో బంతిపూలు కోసుకుని గొబ్బెమ్మల్లో పెట్టింది. మామ్మ చూసీ చూడనట్టు చీపురు ఆడించింది. అడక్కుండా కోసుకోవడానికి ఆ సందులో ఒక మర్యాద ఉందని, అది నా ఇత్తడి తాళానికి తెలియదని నాకు అప్పుడు అర్థమైంది.

2008 ఏప్రిల్లో పరీక్షలయ్యాయి. పెట్టె సర్దుకుని చివరిసారి తోటకి వెళ్ళాను. గేటు మూల కరివేపాకు చెట్టు నా ఎత్తు పెరిగి ఉంది, చుట్టూ పిలకలు. ఒకటి ఇవ్వు మామ్మా అన్నాను.

"ఇస్తే బతకదయ్యా. దొంగతనంగా తీసుకెళ్ళాల."

అని అటు తిరిగి కూచుంది. తిరిగి కూచునే, "వేరు తెగనీకు, మట్టి ముద్దతో తియ్యి. ఇంకా లోతు. ఆ, అదీ" అంటూ మొత్తం చెప్పింది.

మాస్టారు రిటైరయ్యారు. బాబాయ్ కూతురి దగ్గరికి మాచర్ల వెళ్ళిపోయాడని విన్నాను. కొన్నేళ్ళ తర్వాత ఆ స్థలంలో కమ్యూనిటీ హాలు లేచింది. ఒకసారి అటు వెళ్ళినప్పుడు లోపల ఎవరిదో ఓణీల ఫంక్షన్ జరుగుతోంది, నేను ఆగలేదు. సర్టిఫికెట్ ఎక్కడో ఉంది.

కరివేపాకు పిలక మాత్రం నాతో ఇళ్ళు మారుతూ వచ్చింది. నూనెడబ్బా నుంచి బకెట్టుకి, బకెట్టు నుంచి సిమెంటు కుండీకి. ఇప్పుడు విజయవాడ పటమటలో మూడో అంతస్తు బాల్కనీలో ఉంది. కుండీలో ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు అన్నీ కొన్నవే. మధ్యలో వేరు చుట్టూ ఆ గుప్పెడు నల్లరేగడి అలాగే ఉండాలి. ఎందుకంటే ప్రతి వానకాలం కుండీ అంచున సన్నగా, నిగనిగలాడుతూ తుంగ లేస్తుంది.

మొన్న మా అమ్మాయి చూసి, "నాన్నా, ఉల్లికాడలు మొలిచాయి" అంది. కాదమ్మా తుంగ అని చెప్పి, మొదలు దగ్గర పట్టుకుని లాగాను. పుటుక్కున తెగి పోచ చేతికొచ్చింది. గడ్డ కిందే ఉండిపోయింది.